హెచ్4 మీద జాబ్ చేయాలనుకుంటే ముందు ఐ-94 డేట్ చూసుకోండి

మా ఆయనది హెచ్1 (ఉద్యోగ వీసా), నాది హెచ్4 (హెచ్1 వాళ్ళ భార్య లేదా భర్తకిచ్చే వీసా), అమెరికా వచ్చేశాం కదా ఇంక జాబ్స్‌కి అప్లై చేసేయొచ్చా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అలా కుదరదండి. హెచ్4 మీద చదువుకోవచ్చు, పని మాత్రం ఈఏడీ కార్డు (పని చేయడానికి ప్రభుత్వమిచ్చే పర్మిట్) చేతికొచ్చాకే, అది కూడా అందరికీ ఇవ్వరు. హెచ్1 లో ఉన్న మనిషికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదంటే హెచ్1 ఆరేళ్ళ లిమిట్ దాటాక ఇచ్చే ఎక్స్‌టెన్షన్ మీద ఉండాలి, 2015 మే 26 నుంచి ఇదే రూల్. అందుకే బయల్దేరకముందే అవతల కంపెనీ గ్రీన్ కార్డు ప్రాసెస్ మొదలుపెట్టిందా లేదా అని మొహమాటం లేకుండా అడగండి, లేకపోతే మంచి ఉద్యోగం వదులుకుని వచ్చి ఏళ్ళకేళ్ళు ఇంట్లో కూర్చోవాల్సొస్తుంది, అలాంటివాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఎల్2 స్పౌజ్ (కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద ఎల్1 వీసాతో వచ్చినవాళ్ళ భార్య లేదా భర్త) అయితే ఈ గోల లేదు, ఐ-94 (ఎప్పటిదాకా ఇక్కడ ఉండొచ్చో చూపించే ఎంట్రీ రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు, ఈఏడీ లేకుండానే పని చేసుకోవచ్చు.

హెచ్4 వాళ్ళం ఈఏడీ కోసం వేయాల్సిన ఫారం ఐ-765, కేటగిరీ సీ26. మ్యారేజ్ సర్టిఫికెట్, ఐ-140 అప్రూవల్ నోటీసు, ఇద్దరి ఐ-94లు, ఫోటోలు పెట్టాలి. ఆఫర్ లెటర్ అక్కర్లేదు. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేకపోతే అదే ఫారంలో అడిగేయండి, విడిగా ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. కార్డు వచ్చాక ఏ కంపెనీలో అయినా చేరొచ్చు, సొంత బిజినెస్ కూడా పెట్టుకోవచ్చు.

నేను దెబ్బ తిన్నది ఐ-94 దగ్గర. ఇండియా వెళ్ళొచ్చేటప్పుడు వీసా స్టాంప్‌కి ఇంకా రెండేళ్ళుంది కానీ పాస్‌పోర్ట్‌కి 8 నెలలే ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో ఆ 8 నెలలకే ఐ-94 ఇచ్చారు, నేను స్టాంప్ చూసుకుని ధీమాగా ఇంటికొచ్చేశా, తీరా ఈఏడీ వస్తే దాని మీదా అదే డేట్! ఈఏడీ ఎప్పుడూ హెచ్4 గడువు దాటి ఇవ్వరు. కాబట్టి ప్రయాణానికి ముందే పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకోండి, దిగిన వారంలోనే ఐ-94 ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి డేట్ చూడండి.

రెన్యువల్ ఇంకా జాగ్రత్త. 2025 అక్టోబర్ 30 నుంచి ఫైల్ చేసినవాటికి, అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది కదా అని పాత కార్డు దానంతటదే పొడిగించే పద్ధతి తీసేశారు. కార్డు గడువుకి 180 రోజుల ముందు నుంచే రెన్యువల్ వేయొచ్చు, హెచ్1 ఎక్స్‌టెన్షన్ కూడా ఆరు నెలల ముందే వేయొచ్చు కాబట్టి దాంతోపాటే మన ఐ-539 (హెచ్4 పొడిగించే ఫారం), ఐ-765 కూడా కలిపి పంపమని లాయర్ వెంట పడండి. అయినా కార్డు రాకుండానే డేట్ అయిపోతే ఆ మర్నాడు ఒక్క మెయిల్‌కి రిప్లై ఇవ్వడానికి కూడా లాగిన్ అవ్వద్దు. రెండు నెలల ముందే మేనేజర్‌కి విషయం చెప్పి, అన్‌పెయిడ్ లీవ్ ఇస్తారా అని హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి పెట్టుకోండి.