కడప నుంచి లా పాజ్: మొదటి రెండు రోజులు

కడప సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు కూడా లేదు. బొలీవియాలోని లా పాజ్ సుమారు 3,600 మీటర్లు, విమానం దిగే ఎల్ ఆల్టో 4,000 పైనే. అంత ఎత్తులో గాలి పలచన, ఒళ్లు అలవాటు పడాలి. అందుకే మొదటి రోజు ఊరు చూసే పని పెట్టుకోవద్దు. నిదానంగా నడవండి, సగం కడుపుకే తినండి, మద్యం ముట్టొద్దు. కాస్త తలనొప్పి మామూలే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎత్తు పడక వచ్చే ఇబ్బందిని ఆపే అసిటజోలమైడ్ మాత్ర డాక్టర్ రాస్తేనే వాడండి. అది ఎత్తు ఎక్కే ముందురోజే మొదలుపెట్టాలి.

కోకా (కొకైన్ తీసే ఆకు) టీ అక్కడ ఎవరైనా ఇస్తారు. ఆకు మాత్రం సంచిలో తేవద్దు, మన దేశంలో నేరం.

రెండో రోజు ఒళ్లు కుదుటపడితే కేబుల్ కారు ఎక్కండి. 2014లో మొదలైన ఎరుపు లైను ఎల్ ఆల్టోకు తీసుకెళ్తుంది.

అక్కడ నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకదు, కుక్కర్ కావాల్సిందే. కారం చాలకపోతే లోకోటో మిరప, టమాటా రాతి మీద నూరిన ల్యాహ్వా అడగండి. మన రోటి పచ్చడికి తమ్ముడి వరస! మాంసం కూరిన కజ్జికాయ లాంటి సాల్తేన్యా పొద్దున పూట తినేది. లోపల పులుసుంటుంది. మధ్యలో కొరికితే చొక్కా పాడు, కొసన కొరికి ముందు పులుసు జుర్రుకోవాలి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. కార్డు లేకుంటే తిరిగొచ్చాక క్వారంటైన్‌లో ఉంచొచ్చు.