వానలు పడేలోపు తలుపులకి పాలిష్, పెయింట్ చేయిస్తున్నారా? కాస్త చూసుకోండి

మన విజయవాడలో ఏటా ఇదే వరస, శ్రావణంలో పెళ్లో వ్రతమో ఉందని రోహిణీ కార్తె ఎండల్లో తలుపులు, కిటికీలు, పాత మంచాలు అన్నీ ఒకేసారి పెయింటర్‌కి అప్పజెప్తాం, పని సగంలో ఉండగానే జూన్ 8 దగ్గర మృగశిర వచ్చేస్తుంది, గాలిలో తేమ పెరుగుతుంది, సాయంత్రానికి గాలివాన. అందుకని చివరి కోటు దానికి కనీసం వారం ముందే పడేలా చూసుకోండి, కుదరదనుకుంటే కొన్ని తలుపులు తర్వాతకి ఆపేయండి, హడావిడిగా కోటు మీద కోటు వేయించడం కన్నా అదే నయం.

టేకు తలుపుకి చిన్న నొక్కు కనపడితే చాలు లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) పెట్టేస్తారు, అన్నిటికీ అక్కర్లేదండి. పాత పాలిష్ గీకేసిన చెక్కైతే తడిగుడ్డ వేసి దాని మీద వేడి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనిస్తే ఆవిరికి నొక్కు చాలావరకు పైకి లేస్తుంది, పీచు తెగిపోయిన చోట మాత్రం లేవదు, అక్కడ లప్పమే గతి. లోతు గుంటైతే ఒకేసారి కూరమాకండి, పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోయి తర్వాత కుంగుతుంది, కొంచెం పెట్టి ఆరనిచ్చి మళ్లీ పెట్టాలి.

వేసిన కోటు ఆరిందో లేదో వేలు పెట్టి చూస్తే తెలీదు. ఓ మూల ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్దండి, పొడి రాలితే ఆరినట్టు, పేపర్‌కి జిగురులా అతుక్కుని ఉండలు కడితే ఇంకా పచ్చే. ముక్కు దగ్గర పెట్టి చూసినా వాసన గట్టిగా వస్తుంటే ఆగాలి. డబ్బా మీద రాసే గంటలు ఓ మోస్తరు వాతావరణానికి, మన ముసురు రోజుల్లో రెట్టింపు టైమ్ ఇవ్వండి. అలాగని త్వరగా ఆరాలని ఎండలో పెట్టమాకండి, పైపొర గబుక్కున బిగిసి కింద థిన్నర్ (పెయింట్ పల్చన చేయడానికి కలిపేది) ఇరుక్కుపోయి బుడగలొస్తాయి, ఎనామిల్ మందంగా వేస్తే ముడతలు పడుతుంది.

కారిన చారలు, దుమ్ము రవ్వలు పచ్చిగా ఉన్నప్పుడు అస్సలు ముట్టుకోమాకండి, చిన్న మచ్చ కాస్తా అరచేయంత అవుద్ది. పూర్తిగా గట్టిపడ్డాక చారని బ్లేడుతో పల్చగా చెక్కి, 400 నంబర్ ఎమరీ పేపర్‌తో సాపు చేసి అప్పుడు పల్చటి కోటు వేయిస్తే కనపడదు. ఫ్యాన్ కూడా కోటు వేయగానే తిప్పొద్దు, దుమ్ము లేచి అంటుకుంటుంది, కిటికీలు మాత్రం తీసే ఉంచండి.

వాన రోజు లక్క పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) గానీ లాకర్ (థిన్నర్‌తో కలిపి వేసే మెరుపు పూత) గానీ వేస్తే పాలు ఒలికినట్టు తెల్లటి మసక వస్తుంది. స్పిరిట్, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి గాలిలో తేమ అక్కడ చేరుతుంది, కారణం అదే. చాలామంది దాని మీదే ఇంకో కోటు కొట్టించేస్తారు, అప్పుడు మసక లోపల శాశ్వతంగా ఉండిపోవచ్చు. పొడి రోజు దాకా ఆగండి, లక్క పాలిష్ అయితే స్పిరిట్ కొద్దిగా అద్దిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోతుంది, లాకర్ అయితే మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ వాడమని పెయింటర్‌కి చెప్పండి.

తలుపు పై అంచు, కింది అంచు చాలామంది వదిలేస్తారు, నీళ్లు తాగేది అక్కడే, వానల్లో ఉబ్బి బిగుసుకుపోయేది కూడా అందుకే. తలుపు ఊడదీయించి అయినా ఆ రెండు అంచులకీ కోటు వేయించండి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో నానిన తలుపులే సింగ్‌నగర్ వైపు ఇంకా వాడుతుంటే కింది భాగం మెత్తబడిందేమో మేకుతో గుచ్చి చూసుకోండి, పుచ్చిన చెక్క మీద ఎంత ఖరీదైన పాలిష్ వేసినా నిలవదు.

అన్నిటికంటే ముఖ్యం నిప్పు. అవిసె నూనెతో తుడిచిన గుడ్డల్ని ఉండ చేసి మూల పడేస్తే ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక ఎవరూ అంటించకుండానే అంటుకోవచ్చు, అసలే మనది మండే వేసవి. విడివిడిగా పరిచి బయట ఆరేయండి, లేదంటే నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి. థిన్నర్, స్పిరిట్ వాడే గదిలో, పక్క గదిలో దేవుడి దీపం, గ్యాస్ స్టవ్ వెలిగించమాకండి. పిల్లల్ని, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లని ఆ రాత్రి వేరే చోట పడుకోబెట్టండి.

గడపకి పసుపు ఎనామిల్ అన్నిటికన్నా ఆఖర్న, రాత్రి అందరూ లోపలికొచ్చాక వేయించండి. పొద్దున్నే గట్టిపడినట్టు కనపడినా లోపల పూర్తిగా బిగియడానికి ఇంకా రోజులు పడుతుంది, అప్పటిదాకా నీళ్లతో కడగడం, గట్టిగా రుద్దడం ఆపి పైపైన బొట్లు పెట్టుకుంటే చాలు.