లైబ్రరీని మనదిగా వాడుకోవడం ఎలా?

ముందు మీ ఇంటి పన్ను లెక్క చూడండి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం మన డబ్బుతో నడిచేదే, మొహమాటం అక్కర్లేదు.

కూర్చుని పేపరు చదవడానికి సభ్యత్వం అవసరం లేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటేనే డిపాజిట్ కట్టాలి. మానేసేటప్పుడు తిరిగి ఇస్తారు కాబట్టి రసీదు జాగ్రత్త. శుక్రవారం సెలవు.

పుస్తకం తీయగానే లోపల అతికించిన చీటీ చూడండి. నేను తెచ్చుకున్న ఒకదానిలో 1987 ముద్ర ఉంది, పక్కనే ఎవరిదో పెన్సిల్ టిక్కు. ఎన్ని ఇళ్లు తిరిగి నా చేతికొచ్చిందో అనిపించి, ఆ రాత్రే అట్ట వేశాను. మీరూ వేయండి.

పరిశోధనకైతే తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీ ఉంది. అది ప్రధానంగా విద్యార్థులది, బయటివాళ్లు అనుమతి అడగాలి. తాళపత్రాలైతే అక్కడి ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. పిల్లలకు మాత్రం ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయమే మేలు. నడిచి వెళ్లగలిగితేనే అలవాటవుతుంది.

కావలసిన పుస్తకం లేకపోతే ఊరికే తిరిగి రాకండి. పేరు, రచయిత, ప్రచురణ కాగితం మీద రాసి లైబ్రేరియన్ గారి చేతికివ్వండి.