కువైట్‌కు కొత్తగా వచ్చిన మన కడప వాళ్ళకు

రాజంపేట నుంచి వచ్చినా, కోడూరు, రాయచోటి, పుల్లంపేట పక్క నుంచి వచ్చినా, చెన్నైలో విమానం ఎక్కి ఇక్కడ దిగాక మొదటి మూడు నెలలూ అందరివీ ఒకటే మాటలు. అకామా (ఇక్కడ ఉండేదానికి అనుమతి) కొట్టారా, సివిల్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) వచ్చిందా, జీతం ఏ తేదీకి ఇస్తారు, ఇంటికి ఎంత పంపాల. ఆ సంగతులు చెప్పేవాళ్ళు ప్రతి గదిలోనూ దొరుకుతారు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఊర్లో మీరు చేస్తుండిన పని, మీకు వచ్చిన విద్య, ఊరి కోసం మనసులో పెట్టుకున్న ఆలోచన ఏదో ఒకటి మీ వెంట వచ్చే ఉంటుంది. దాన్ని ఇక్కడి మనవాళ్ళతో ఎట్లా పంచుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది.

ఫర్వానియాలో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. అందులో ఒకాయన పొద్దున్నుంచి రాత్రిదాకా బండి తోలి వచ్చి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. మూడేళ్ళు కలిసి వండుకుని తిన్నాం. ఒక శుక్రవారం ఖాళీ బియ్యం డబ్బా తిరగేసి దానిమీద వేళ్ళతో దరువు వేస్తుంటే అప్పుడు తెలిసింది, ఊర్లో పండరి భజనకు డోలక్ వాయించేది ఆయనేనని. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నా అంటే, "ఎవురూ అడగల్యా కదబ్బా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి గదిలోకి ఎవరు కొత్తగా వచ్చినా జీతం సంగతి కంటే ముందు, ఊర్లో ఏం చేస్తుండేవాడివని అడుగుతున్నాను. మిమ్మల్ని అడిగేవాళ్ళు లేకపోతే మీరే చెప్పండి. మొహమాటపడొద్దు.

అయితే చెప్పే ముందు కొన్నాళ్ళు ఎదుటివాళ్ళ పనికి వెళ్ళండి. శుక్రవారం కువైట్ సిటీలో మాలియా వైపు పోతే సగం కడప జిల్లా అక్కడే కనిపిస్తుంది. ఎవరో క్రికెట్ మ్యాచ్ పెట్టుకుంటారు, నీళ్ళ క్యాన్ మోయడానికి ఒక చెయ్యి కావాలి. ఎవరో జాబ్రియాలోని సెంట్రల్ బ్లడ్ బ్యాంకులో రక్తదానానికి మనుషులను పోగు చేస్తుంటారు. వెళ్ళి రక్తం ఇచ్చి రండి. ఇంకొకరు తన పాటల వీడియో చూడమంటారు. బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోకుండా నిజంగా చూసి, రెండు మాటలు చెప్పండి. ఇట్లా నాలుగైదు వారాలు తిరిగితే, రేపు మీరు నోరు తెరిచినప్పుడు వినేవాళ్ళు ఉంటారు.

నేను ఈ వరస తప్పాను. వచ్చిన రెండో వారమే మా ఊరి బడిలో పిల్లలకు గ్రంథాలయం పెట్టాలి, తలా ఐదు దినార్లు ఇవ్వండని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఒక్కరూ పలకలేదు. మనవాళ్ళకు జాలి లేదనుకుని బాధపడ్డాను. తర్వాత ఒక పెద్దాయన టీ తాగించి చెప్పినాడు, అంతకు ముందటేడు ఎవరో ఒక బిడ్డ ఆపరేషన్ కోసమని వసూలు చేసి లెక్క చెప్పకుండా పోయారట. ఇచ్చినవాళ్ళలో నెలకు అరవై దినార్ల జీతం వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు నాకు ఎందుకు ఇవ్వాలి, నేనెవరని?

కడపలోని బ్రౌన్ గ్రంథాలయం సంగతి ఆయనే గుర్తు చేసినాడు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి, తన సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని పాత తాళపత్రాలు వెతికించి, వేమన పద్యాలు మొదలుకొని ఎన్ని రాయించాడో మనం బడిలో చదువుకున్నదే. ఆయన ఉన్న బంగళా స్థలంలో గ్రంథాలయం లేవాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు మనిషి మనిషినీ కలిసి చందాలు పోగు చేశారు. ఎవరి దగ్గరకైనా చేతిలో పని పట్టుకుని వెళ్ళాలి, చెయ్యి చాచుకుని కాదు అన్నాడు పెద్దాయన. నేను నా జీతంలో నుంచి ఇరవై పుస్తకాలు కొని పంపి, మూడో తరగతి పాప ఒకతె నేలమీద బోర్లా పడుకుని చదువుతున్న ఫోటో తెప్పించాను. దాని పక్కనే పుస్తకాల షాపు బిల్లు. ఆ రెండూ చూపించినప్పుడు నేను ఒక్క మాటా అడగలేదు. వాళ్ళే అడిగారు, ఇంకా ఎన్ని కావాలని.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. కువైట్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. సామాజిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఒప్పుకున్న సంస్థలే ఆ పని చేయాలి. మంచి పనికే కదా అంటే వినరు, దేశం నుంచి పంపించేస్తారు. కాబట్టి షాపుల దగ్గర, బస్టాండులో రశీదు పుస్తకం పట్టుకుని తిరగడం, ఇక్కడ ఒకరి చేతిలో డబ్బు పోగేయడం వద్దే వద్దు. మీ పని గురించి తెలిసిన నలుగురికీ చెప్పండి. ఇవ్వాలనుకున్నవాళ్ళు తమ ఇంటివాళ్ళకు చెప్పి ఊర్లోనే ఇప్పిస్తారు, లేదంటే బడికి, ట్రస్టుకు తమ బ్యాంకు ఖాతా నుంచే నేరుగా పంపుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది మన చట్టం ప్రకారం విదేశీ విరాళం కిందికి రాదు, ఆ భయం అక్కర్లేదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న బంధువు ఇస్తానంటే మాత్రం ఆ లెక్క వేరు, ముందు ట్రస్టు వాళ్ళను అడగండి.

ఎవరైనా చనిపోయినప్పుడు ఆ రాత్రే శవాన్ని ఊరికి పంపడానికి డబ్బులు కావాలనే మాట ఫోన్లన్నీ తిరుగుతుంది. అందరి గుండె కరుగుతుంది. ముందు ఆగి, ఆ మనిషి కంపెనీనో కఫీల్‌నో (వీసా ఇచ్చిన యజమానిని) కలవండి, పంపే ఖర్చు వాళ్ళ బాధ్యత. వాళ్ళు తప్పించుకుంటుంటే దయ్యా అనే ప్రాంతంలో ఉన్న మన ఎంబసీకి పోవాలి, ఇట్లాంటి అవసరాలకే అక్కడ సంక్షేమ నిధి ఉంది. ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చిన కూలీకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు వస్తాయి, కానీ ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి ఈ వారమే మీ పాలసీ కాగితం ఫోటో తీసి మీ ఆవిడకో అన్నకో పంపండి.

ఇక కార్యక్రమాలు. పబ్లిక్‌గా 20 మందికి మించి గుమికూడాలంటే ఇక్కడ అనుమతి కావాలి, 1979 నుంచి ఉన్న చట్టం అది. పార్కులో ఉగాది పెడదాం రండని కొత్తవాళ్ళు పిలుపులు ఇవ్వకండి. ఇప్పటికే నడుస్తున్న తెలుగు సంఘాల వాళ్ళను కలిస్తే హాలు సంగతి, అనుమతి సంగతి వాళ్ళు చూసుకుంటారు. మన ఊరి రాజకీయాలు, జెండాలు, జిందాబాద్‌లు ఈ దేశంలో వద్దు. ఊరివాళ్ళను కూడా వీడియోలో కలపాలంటే టైమ్ రెండు చోట్లదీ రాయండి. మనకు సాయంత్రం ఐదున్నర అయితే కడపలో ఎనిమిది.

రంజాన్ నెలలో పగటిపూట బయట తినడం, తాగడం నేరం కాబట్టి ఆ నెల మధ్యాహ్న భోజనాలు పెట్టుకోరు. ఈ మధ్య కొన్నేళ్ళు ఉగాది ఆ రోజుల చుట్టుపక్కలే వచ్చింది. 2025లో అయితే మార్చి 30న ఇక్కడ ఉగాదీ, రంజాన్ పండగా ఒకే రోజు. మా గదిలో ఇద్దరు రాయచోటి సాయిబులు ఉన్నారు. వాళ్ళు సేమియా చేస్తే మేం పచ్చడి కలిపాం. చింతపండు నేను పిసికాను, మామిడికాయ తరిగింది వాళ్ళల్లో చిన్నోడు. దేవుని కడపలో ఉగాది పొద్దున ముస్లింలు బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచనుకుని వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు కదా, వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిన సంగతి ఆ చిన్నోడే చెప్పినాడు. మీరు ఏ కార్యక్రమం పెట్టినా ఇట్లా అందరూ వచ్చేలా చూడండి, వంట దగ్గర నుంచి.

చివరగా ఇళ్ళల్లో పనికి వచ్చిన అక్కచెల్లెళ్ళకు. మీకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో చేసిన చట్టంలోనే ఉంది, రోజుకు పని 12 గంటలకు మించకూడదు. ఆ సెలవు నిజంగా దొరికినవాళ్ళు తక్కువని నాకు తెలుసు. బయటికి రాలేకపోయినా మీ విద్యను ఫోన్‌లో పంచుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: మీ యజమానుల ఇల్లు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు మీ వీడియోలో పొరపాటున కూడా పడకూడదు. వంట చూపించాలంటే గిన్నె వరకే పెట్టుకోండి. కుట్టుపని, వంట బయటివాళ్ళకు అమ్మడం జోలికి పోవద్దు, మీ వీసా ఆ ఇంటి పనికే.

చిట్వేలు దగ్గరి అక్క ఒకామె మంగాఫ్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. వాళ్ళ అమ్మ నాట్లప్పుడు పాడిన పాటలు ఆమెకు నోటికి వచ్చు. రాత్రి పదకొండు దాటాక, ఇస్త్రీ గదిలో లైటు ఆర్పేసి, దుప్పటి కప్పుకుని చిన్న గొంతుతో ఒక్కో పాట రికార్డు చేసి పంపుతుంది. మధ్యలో ఏసీ చప్పుడు వినిపిస్తుంటుంది. ఇప్పటికి 43 పాటలయ్యాయి. మా గదిలో డోలక్ అన్న వాటిని విని, ఏది ఏ పనికి పాడేదో ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాడు. కొన్నింటికి చరణాలు సగమే ఉన్నాయి. చిట్వేలు, పెనగలూరు పక్క నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ అమ్మకు ఫోన్ చేసినప్పుడు మిగతా సగం అడిగి చెప్పండి.