పాలపిట్ట రెక్కల మఫ్లర్ అల్లే విధానం

దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లేటప్పుడు తాత నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకునేవారు. కరెంటు తీగ మీద వాలిన పాలపిట్ట మట్టిరంగులో, ఏ ప్రత్యేకతా లేనట్టు కనిపించేది. చూడడం అయిపోయిందని నేను దిగబోతే, "ఆగు బిడ్డా, లేవనీ" అంటూ నా పాదాలను గట్టిగా పట్టుకునేవారు. అది రెక్క విప్పగానే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరిసేవి. హనుమకొండలో పొద్దున్నే చలిలో బడికి బయలుదేరే మా అబ్బాయికి అల్లిన ఈ మఫ్లర్ కూడా అంతే: మెడకు చుట్టిన భాగమంతా గోధుమ రంగు, కొసలు విప్పితే నీలం.

పొడవు సుమారు మీటరు, వెడల్పు 14 సెంటీమీటర్లు వస్తుంది. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్లిక సూదులు, 8 పోగుల ఊలు తీసుకోవాలి. గోధుమ రంగు 100 గ్రాములు, నీలాలు ఒక్కొక్కటి 25 గ్రాములు చాలు. మన వైపు చలికి అక్రిలిక్ సరిపోతుంది, పిల్లల మెడకు గుచ్చుకోదు. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద రెండు నీలాలూ ఒకేలా కనిపించవచ్చు కాబట్టి, ఉండలను బయటి వెలుతురులోకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే కొనాలి. ఈ తేడా కనిపించకపోతే రెక్క రెక్కలా ఉండదు.

ముదురు నీలంతో 3 కుట్లు వేసి మొదలుపెట్టాలి. మొదటి నుంచి చివరి దాకా ప్రతి వరుసా నిట్ కుట్టే, అంటే మామూలు సూటి కుట్టే. పర్ల్, అంటే తిరగేసి అల్లే కుట్టు, అవసరం లేదు. బేసి వరుసల ఆరంభంలో మాత్రం మొదటి కుట్టును ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి అల్లి రెండు చేయాలి. ఒకే అంచున పెరగడం వల్ల కొస ఏటవాలుగా, రెక్క చివరలా సాగుతుంది. 28 వరుసలకు 17 కుట్లవుతాయి. అక్కడ లేత నీలానికి మారి, 54వ వరుసకు 30 కుట్లయ్యే వరకు అలాగే పెంచాలి. తరువాత పెంచకుండా 16 వరుసలు ముదురు నీలం, ఆపైన 70 సెంటీమీటర్లు గోధుమ రంగు అల్లాలి.

రంగు ఎప్పుడూ బేసి వరుసలోనే మార్చాలి; లేకపోతే వెనుక వైపు రావలసిన రెండు రంగుల చుక్కల గీత ముందుకు వచ్చి పట్టీ అంచు చెదిరినట్టు కనిపిస్తుంది. అందుకే గోధుమ రంగు వరుసల లెక్క సరిసంఖ్యతో ముగియాలి. నేను మొదటిసారి అది మరిచిపోయి ఒక రెక్కంతా విప్పవలసి వచ్చింది.

రెండో రెక్క ఇదే క్రమానికి తిరగేసినది: 16 వరుసల ముదురు నీలం తరువాత, బేసి వరుసల ఆరంభంలో రెండేసి కుట్లు కలిపి అల్లుతూ 26 వరుసలు లేత నీలం, 28 వరుసలు ముదురు నీలం. మిగిలిన 3 కుట్లు ముడివేసి, దారపు కొసలను అదే రంగు అల్లికలోకి దూర్చాలి. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టకూడదు. పిల్లవాడిని బండి మీద తీసుకువెళ్లేటప్పుడు రెక్కలను తప్పనిసరిగా స్వెట్టర్ లోపలికి దోపి, బడి దగ్గర దిగాకే విప్పనివ్వాలి.