అనంతపురంలో ఉంటూ డాక్యుమెంటరీ తీయడం: విషయం వెతకడం నుంచి అవార్డు దరఖాస్తు దాకా

డాక్యుమెంటరీ తీయాలనుకునే మన జిల్లా యువకులు నన్ను మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని, ఆ తరువాత అడిగేది ఏ ఉత్సవానికి పంపితే అవార్డు వస్తుందని. ఈ రెండు ప్రశ్నల నడుమ మూడు నాలుగేళ్ల పని ఉంటుంది. దాని గురించి అడిగేవారు తక్కువ కనుక, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

2023లో ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకున్న ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ దర్శకురాలు కార్తికీ గోన్సాల్వెస్ నీలగిరులలో పెరిగినవారు. ఆ చిత్రం జరిగిన ముదుమలై కూడా నీలగిరులలోనిదే. దాదాపు ఐదేళ్లపాటు ఒక మావటి దంపతుల దగ్గరికి వెళ్లి వస్తూ తీసిన సుమారు 450 గంటల దృశ్యాల నుంచి 40 నిమిషాల చిత్రం తయారైంది. అంటే దాదాపు పదకొండు గంటలు తీస్తే తెరమీద నిలిచింది ఒక్క నిమిషం. పెద్ద నగరం నుంచి వచ్చిన బృందం పది రోజులు లాడ్జిలో దిగి ఎంత మంచి పరికరాలతో పనిచేసినా, మళ్లీ మళ్లీ వచ్చే వీలు దానికి ఉండదు. ఆ వీలు మనకు ఉంది. సీమలో ఉండి డాక్యుమెంటరీ తీసేవారికి ఉన్న అసలు పెట్టుబడి అదే కాబట్టి, విషయం ఎంపిక దగ్గర నుంచి ప్రతి నిర్ణయమూ దాన్ని బట్టే తీసుకోవాలి.

విషయం

నేను పెట్టుకున్న నియమం ఒకటే: పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి తిరిగి రాగలిగినంత దూరంలోని విషయమే మొదటి చిత్రానికి తీసుకోవాలి. రెండు బస్సులు మారాల్సి వస్తే మూడో నెలకే వెళ్లడం మానేస్తాం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అనంతపురం అనగానే బీటలు వారిన చెరువు, నుదుటిపై చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూసే ముసలి రైతు, ఎముకలు తేలిన ఎద్దు, ఈ మూడూ లేకుండా చిత్రం మొదలుపెట్టలేనివారు చాలామంది ఉన్నారు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల మనది. కరువు అబద్ధం కాదు. కానీ ఆ మూడు దృశ్యాలను చిత్రోత్సవాల ఎంపిక సంఘాల వాళ్లు ఇప్పటికే వందసార్లు చూసి ఉంటారు. పదును వాన పడిన మరునాడు విత్తనకాయలు ఎవరి ఇంట్లో ఉన్నాయి, గొర్రు ఎవరి దగ్గర దొరుకుతుంది, అప్పు ఎవరు ఇస్తారు అని ఊరంతా తిరిగే మనిషి వెంట ఆ ఒక్కరోజు నడిస్తే కరువు గురించి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు గాలికి జరిగి పొలాల మీదికి వస్తాయి. ఒకే గట్టు మీద ఒకే చోట నిలబడి రెండేళ్లపాటు నెలకొకసారి తీస్తే ఆ కదలిక కంటికి కనిపిస్తుంది. కడప జిల్లా లంకమల ప్రాంతంలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి మరో రకమైన విషయం. అంతరించిపోయిందని దశాబ్దాలపాటు అందరూ అనుకున్న ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుంది, కెమెరాకు దొరకకపోవచ్చు. అలాంటప్పుడు చిత్రం పక్షి గురించి కాక, దాన్ని వెతికే మనుషుల గురించి అవుతుంది. ఈ సంగతి మొదటి వారంలోనే గుర్తించినవారు బాగుపడతారు. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరానికి ఏటా లెక్కలేనన్ని కెమెరాలు వెళ్తాయి. ఆ రాత్రి కర్రలు పట్టే నెరణికి, కొత్తపేట వంటి ఊళ్లలో మిగతా ఏడాదంతా మనుషులు ఎలా ఉంటారో తీయడానికి మాత్రం అంతమంది వెళ్లరు.

మనుషుల దగ్గరికి వెళ్లడం

మొదటి మూడు నాలుగుసార్లు కెమెరా లేకుండా వెళ్లండి. నేను కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి తొలిసారి వెళ్లినప్పుడు, అరుగు మీద చెనక్కాయలు వలుస్తున్న ఒక అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, “ఏంటికప్పా తీస్తావు? తీసి ఎవురికి సూపిస్తావు?” అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలకు ఆమెకు అర్థమయ్యే భాషలో రెండు వాక్యాల్లో జవాబు చెప్పలేకపోతే చిత్రం ఇంకా సిద్ధం కాలేదని తెలుసుకోవాలి. విచిత్రమేమిటంటే, తరువాత నిధుల కోసం దరఖాస్తు రాసేటప్పుడు అడిగేవి కూడా సరిగ్గా ఈ రెండే. భాష మాత్రమే మారుతుంది.

స్వచ్ఛంద సంస్థ జీపులో ఊరికి వెళ్లకండి. మన జిల్లాలో ఇటువంటి సంస్థలు చాలా ఉన్నాయి, వాటికి చిత్రాలు తీసిపెట్టడం మంచి జీవనోపాధి, నేనూ చేశాను. అయితే జీపు దిగిన మనిషికి జనం జీపుకు చెప్పవలసిన మాటలే చెబుతారు. ఆ పని ఆ పనిగా చేసి, సొంత చిత్రానికి బస్సులోనే వెళ్లడం మేలు.

అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీకి మించకుండా రాయించి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సంతకం చేయలేనివారు ఒప్పుకున్నట్టు కెమెరా ముందే చెప్పించి, ఆ ముక్కను వేరుగా భద్రపరచాలి. ఎడిటింగ్ అయ్యాక వారికి సంబంధించిన భాగం చూపించి రెండోసారి అడగాలి. ఎందుకంటే అప్పులు, భూమి తగాదాలు, పాత ఫ్యాక్షన్ కేసులు, ఇంట్లో జరిగిన ఆత్మహత్య గురించి ఏడుస్తూ చెప్పిన మాటలు, ఊళ్లో అందరి ఫోన్లలోకి వచ్చాక ఏమవుతాయో చెప్పే రోజున వారికి తట్టకపోవచ్చు, మనకు తట్టాలి. అలాంటి ఒక సన్నివేశాన్ని నేను తీసేశాను; చిత్రంలో అంతకంటే బలమైన సన్నివేశం మరొకటి లేదని తెలిసే తీసేశాను.

ధ్వని

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినిపించకపోతే లేచి వెళ్లిపోతాడు. కాబట్టి చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా మైకుకు, హెడ్‌ఫోన్లకు పోవాలి.

మన ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు వరకు వీచే గాలి మైకుకు శత్రువు. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. మైకు మీద స్పాంజి తొడుగు ఆ గాలికి చాలదు, బొచ్చు తొడుగు తప్పనిసరి. ఆడవాళ్లకు కాలర్ మైకు పెట్టేటప్పుడు పైట అంచు మైకుకు రాసుకోకుండా చూడాలి. నేను ఒకసారి హెడ్‌ఫోన్లు ఇంట్లో మరిచిపోయి, మీటరు కదులుతోంది కదా అన్న ధైర్యంతో ఒకామెతో గంటన్నర ఇంటర్వ్యూ తీశాను. ఇంటికొచ్చి వింటే మాట వెనక అంతా చీర రాపిడి చప్పుడే. తరువాతి నెల వెళ్లి మళ్లీ చెప్పమంటే ఆమె చెప్పింది కానీ, మొదటిసారి చెప్పినప్పుడు మధ్యలో ఆగిన చోట ఈసారి ఆగలేదు. ఆ ఆగడమే నాకు కావలసింది.

ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. మాట గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా ఉంచితే ఎవరైనా హఠాత్తుగా గట్టిగా అరిచినా పగలదు. ఇంట్లో తీస్తున్నప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపించాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బైకు తాళంచెవి దాని మీద పెట్టండి, తిరిగి వెయ్యడం మరిచిపోకుండా ఉంటారు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడని ఒక నిమిషం ఉత్త ధ్వనిని తీసుకోండి, ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య అతుకు అదే.

ధ్వని ఎంత పని చేస్తుందో తెలియాలంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లండి. తోలుబొమ్మల కళకు 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు ఊరు అది. అక్కడ మేకతోలును నానబెట్టి, గీకి, బిగించి ఆరబెట్టి, వెలుతురు అవతలికి కనబడే స్థితికి తెస్తారు. దాని మీద బొమ్మ గీశాక నగలకూ అంచులకూ ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. ఉలి మీద దెబ్బ పడినప్పుడు తోలు తెగే చప్పుడు ఒకటి, కింద చెక్కకు తగిలే చప్పుడు ఇంకొకటి. మైకును జానెడు దూరంలో పెడితేనే ఆ రెండూ వేరువేరుగా వినిపిస్తాయి. చేయి కనిపించేలా ఒక దగ్గరి షాట్, ముఖం కనిపించేలా ఒకటి, గది అంతా కనిపించేలా ఒకటి తీసి, ఒక్కొక్కదాన్ని కనీసం 20 సెకన్లు కదలకుండా పట్టుకోండి. తొందరపడి కెమెరా తిప్పేవారికి ఎడిటింగ్‌లో వాడుకోవడానికి ఏదీ మిగలదు.

కెమెరా, కార్డులు, ఎడిటింగ్

కెమెరా గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పెళ్లిళ్లు తీసేవారి దగ్గర ఉండే మామూలు మిర్రర్‌లెస్ కెమెరా చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబులైటు కింద బొమ్మ మినుకుమినుకుమనదు.

దాచుకోవడం మాత్రం శ్రద్ధగా చేయాలి. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో గంట తీస్తే 45 జీబీ అవుతుంది. 60 గంటలకు 2,700 జీబీ. ప్రతిదానికీ మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. నాది మా అక్క వాళ్లింట్లో బియ్యం డబ్బా పక్కన బీరువాలో ఉంటుంది.

ప్రతి సంభాషణనూ సమయంతో సహా కాగితం మీద రాసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ చిత్రం దొరికేది అక్కడే. మనుషులు అన్న మాటలను యాసతో సహా, “పోతాండాడు” అంటే “పోతాండాడు” అనే రాయాలి; పుస్తక భాషలోకి మార్చి రాస్తే ఆ మనిషి మాట నడక పోతుంది, తరువాత చేయించే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు కూడా చప్పగా తయారవుతాయి. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. టీవీలోనో ఫోనులోనో పాట వినిపిస్తున్న సన్నివేశం ఉంటే దాని హక్కులు కొనాలి లేదా వదులుకోవాలి. అందుకే తీసేటప్పుడే టీవీ ఆపించడం సులువు.

అనుమతులు

లేపాక్షి ఆలయం, గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనివి, అక్కడ చిత్రీకరణకు ముందే అనుమతి తీసుకోవాలి. అభయారణ్యాలకు అటవీ శాఖ అనుమతి కావాలి. డ్రోన్‌కు 2021 నిబంధనలు వర్తిస్తాయి. నిజం చెప్పాలంటే, మొదటి చిత్రానికి డ్రోన్ లేకపోవడమే మంచిది. పైనుంచి చూస్తే అన్ని ఊళ్లూ ఒక్కలాగే ఉంటాయి.

ఉత్సవాలు, అవార్డులు

ముంబయి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1990 నుంచి డాక్యుమెంటరీ, లఘు, యానిమేషన్ చిత్రాల కోసం రెండేళ్లకొకసారి జరుగుతోంది. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీ, లఘు చిత్రోత్సవం నడుపుతోంది. మన భాషలోని చిన్న చిత్రాన్ని ఓపికగా చూసే ప్రేక్షకులు అక్కడ దొరుకుతారు. జాతీయ చలనచిత్ర అవార్డులలో డాక్యుమెంటరీలు నాన్ ఫీచర్ విభాగంలోకి వస్తాయి, దానికి సెన్సార్ సర్టిఫికెట్ ఆ అవార్డు సంవత్సరంలోనే తీసుకుని ఉండాలి. డిసెంబరులో చిత్రం పూర్తిచేసి, జనవరిలో సర్టిఫికెట్ తెచ్చుకుని ఏడాది పోగొట్టుకున్నవారిని నేనెరుగుదును. సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది.

నిడివిని ముందే నిర్ణయించుకోండి. ఆస్కార్ లఘు డాక్యుమెంటరీ విభాగానికి పేర్లతో సహా 40 నిమిషాలు మించకూడదు. 45 నిమిషాల చిత్రం చాలాచోట్ల సరిగా ఇమడదు. చాలా పెద్ద ఉత్సవాలు తమ దగ్గరే మొదటి ప్రదర్శన కావాలంటాయి, కాబట్టి ఉత్సాహం ఆపుకుని యూట్యూబులో పెట్టకుండా ఉండాలి. ప్రవేశ రుసుములు డాలర్లలో ఉంటాయి; ఇరవై చోట్లకు గుడ్డిగా పంపేకంటే, గత మూడేళ్లలో ఆ ఉత్సవం ఎలాంటి చిత్రాలు ఎంచుకుందో చూసి ఆరింటికి పంపడం నయం. నిధుల విషయంలో, 1993లో ఏర్పడిన బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. తిరస్కరణ లేఖలు వస్తాయి. వాటిలో కారణం ఉండదు కనుక రెండుసార్లు చదవనక్కర లేదు.

ఊళ్లో ప్రదర్శన

ఎక్కడికైనా పంపేముందు చిత్రాన్ని తీసిన ఊళ్లోనే వేయాలి. రామాలయం ముందు తెల్ల పంచెను తెరగా కట్టి, ప్రొజెక్టరు, ఒక మంచి స్పీకరు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. వీధిలైటు ఆపించడానికి ముందే పంచాయతీలో చెప్పి పెట్టుకోండి. మీరు వెనక కాకుండా పక్కన, జనం ముఖాలు కనిపించే చోట కూర్చోండి. మీరు బాధ అనుకున్నచోట వాళ్లు నవ్వితే, ఆ సన్నివేశం మీకు అర్థం కాలేదన్నమాట. మర్నాడు వెళ్లి ఎందుకు నవ్వారో అడిగి, మళ్లీ ఎడిటింగ్‌కు కూర్చోవాలి. చిత్రం పూర్తయ్యాక అందులో ఉన్న ప్రతి కుటుంబానికీ ఒక పెన్‌డ్రైవు ఇవ్వండి. ఫైలును మామూలు 1080 ఎంపీ4గా చేసి ఇస్తే ఇంట్లో టీవీకి నేరుగా పెట్టుకోవచ్చు. అయినా ఇచ్చిన రోజు మీరే వెళ్లి పెట్టి, ఆడుతోందో లేదో చూసి రండి.