పొగ డిటెక్టర్ల సర్వీసింగ్: పచ్చలైటును నమ్మకండి

మొన్న ఒక భవనంలో అర్ధరాత్రి స్టోర్‌రూమ్ అంటుకుంది. డిటెక్టర్ ఉంది, పనిచేసేదే. హూటర్ మాత్రం మోగలేదు. వాచ్‌మన్‌కు వాసన తగిలింది కాబట్టి అందరూ బయటపడ్డారు. తెల్లారి వెళ్లి చూస్తే ప్యానెల్ (డిటెక్టర్ల వైర్లన్నీ వచ్చి కలిసే కంట్రోల్ పెట్టె) మీద పచ్చలైటు హాయిగా వెలుగుతోంది. పక్కనున్న పసుపు లైటు మీద ఎవరో నల్ల టేపు ముక్క అతికించారు. టేపు తీశాక తెలిసింది, ఆ జోన్, అంటే ఆ భాగంలోని డిటెక్టర్ల గుంపు, డిజేబుల్‌లో ఉందని. సర్వీసింగ్ నాడు ఆపారు, మళ్లీ ఎనేబుల్ చేయలేదు.

పచ్చలైటు చెప్పేది కరెంటు ఉందని, అంతే. నిచ్చెన సరిగ్గా వేసుకోండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఈ ఒక్కటే: డిజేబుల్ చేసినవాడే ఎనేబుల్ చేసి వెళ్లాలి.

మొదలుపెట్టే ముందు

ఏ జోన్ ఎన్ని గంటలకు ఆపారో లాగ్‌బుక్‌లో రాయండి. హూటర్లతో పాటు లిఫ్టులు, ఏసీ బ్లోయర్లు కూడా ఈ ప్యానెల్‌కే కలిపి ఉండొచ్చు, ముందే కనుక్కోండి. సర్వర్ రూమ్‌లో మంటలార్పే గ్యాస్ సిలిండర్లు ఉంటే యాక్చుయేటర్‌ను (సిలిండర్ వాల్వు తెరిచే భాగం) ముందు విడదీయండి. రెండు డిటెక్టర్లు ఒకేసారి పొగ చూశాయంటే చాలాచోట్ల ప్యానెల్ గ్యాస్ వదిలేస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ అయితే లోపలున్న మనిషి ప్రాణం పోవచ్చు.

ఊరికే మోగుతుంటే

ముందు డిటెక్టర్ నంబరు చూడండి. ప్రతిసారీ అదే నంబరైతే, పక్కదానితో తల (సీలింగ్‌కు బిగించిన బేస్ నుంచి ఊడొచ్చే భాగం) మార్చి పెట్టండి. గోల తలతో పాటు వెళ్తే తలదే తప్పు. అక్కడే ఉండిపోతే వైరింగో, బేసో, బాత్రూమ్ ఆవిరో. అడ్రస్ (ప్యానెల్ డిటెక్టర్‌ను గుర్తుపట్టే నంబరు) తలలోనే ఉండే మోడల్ అయితే అడ్రస్ కూడా మార్చుకోవాలి, లేకపోతే ప్యానెల్ మిమ్మల్నే తికమక పెడుతుంది. చాలాసార్లు లోపల దొరికేది దుమ్ము, లేదంటే ఒక చిన్న పురుగు.

ఇక వరుసగా చెప్తా.

తడిగుడ్డ వద్దు. వాక్యూమ్, మెత్తటి బ్రష్ చాలు.

అయొనైజేషన్ రకాన్ని విప్పకండి. లోపల అమెరీషియం-241 ఉంటుంది, రేడియోధార్మికం.

కాగితం కాల్చి పొగ పెట్టకండి. మసి, జిడ్డు లోపలే ఉండిపోతాయి. టెస్ట్ స్ప్రే వాడండి.

మెయిన్ ఆపితే ప్యానెల్ ఆగదు. సాధారణంగా లోపల రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. వాటి వైరు కూడా తీయండి.

ఫాల్ట్ పోవాలని, జోన్ వైరు చివర ఉండాల్సిన రెసిస్టర్‌ను (వైరు తెగలేదని ప్యానెల్‌కు చెప్పేది అదే) తెచ్చి ప్యానెల్ టెర్మినల్‌లోనే బిగించేవాళ్లను చూశాను. ఫాల్ట్ పోతుంది, ఆ జోన్ మొత్తం కూడా పోతుంది. చేయకండి.

బజర్ మ్యూట్ చేయడం రిపేరు కాదు.

పసుపు లైటు మీద టేపు వేయకండి.

ఎనేబుల్ చేశారా? ఒక డిటెక్టర్‌కు స్ప్రే కొట్టి హూటర్ చెవులారా వినండి. యాక్చుయేటర్ తిరిగి బిగించేది దాని తర్వాతే, ప్యానెల్ రీసెట్ అయ్యాకే.

మళ్లీ అడుగుతున్నా, ఎనేబుల్ చేశారా?

పెయింటింగ్ కోసం డిటెక్టర్లకు వేసిన మూతలు లెక్కపెట్టుకోండి. ఇరవై వేస్తే ఇరవై చేతికి రావాలి. పంతొమ్మిదే వస్తే నిచ్చెన మళ్లీ ఎక్కండి.